ఊడొచ్చే ధర, ఊడని చిరునామా

ఎల్లారెడ్డికి ఒక పార్సెల్ పంపాలనుకోండి. ఏ ఎల్లారెడ్డికి అన్నది మొదటి ప్రశ్న. కామారెడ్డి జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రంగా ఉన్న ఎల్లారెడ్డి ఒకటి. అదే జిల్లాలో, సదాశివనగర్ మండలంలో అడ్లూర్ ఎల్లారెడ్డి ఇంకొకటి. రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఎల్లారెడ్డిపేట ఉంది. హైదరాబాద్‌లో అమీర్‌పేట పక్కనే ఎల్లారెడ్డిగూడ. వీటన్నిటినీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగు వాడతారు కాబట్టి, పేరు చూసి ఊరు గుర్తుపట్టే పని కంప్యూటర్‌కి అప్పగిస్తే అది తప్పకుండా హైదరాబాద్ వైపే మొగ్గుతుంది. సరుకుని సరైన ఎల్లారెడ్డికి చేర్చేవి చివర ఉండే ఆరంకెలు: 503122. కామారెడ్డి అయితే 503111.

ఈ ఆరంకెల పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్ కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో అధికారి. సంస్కృతంలో కావ్యాలూ నాటకాలూ రాసిన కవి కూడా. ఒకే పేరు పది ఊళ్ళకు ఉండి, ఆ పేరుని పది లిపుల్లో రాసే దేశానికి భాషతో పని లేని చిరునామా కావాలన్న సంగతి ఒక కవికి తట్టడం నాకు బాగా నచ్చుతుంది. ఇంజనీర్లకు తట్టి ఉంటే ఆరంకెలతో ఆపేవాళ్ళు కాదు. ఇంకో విశేషం. 2014లో రాష్ట్రం మారింది, 2016 అక్టోబర్ 11న జిల్లా మారింది. పిన్‌లోని 503 మాత్రం ఇంకా నిజామాబాద్ సార్టింగ్ జిల్లాదే. కామారెడ్డి వాళ్ళు ఆన్‌లైన్లో ఏదైనా ఆర్డర్ చేస్తే, పిన్ కొట్టగానే జిల్లా గడిలో నిజామాబాద్ అని దానంతట అదే పడటం ఇప్పటికీ చూడొచ్చు. ఊరు వేరుపడినా చిరునామా పాత కాపురంలోనే ఉంది.

ఈ వ్యాసం ఆ ఆరంకెలు అచ్చయ్యే జిగురు కాగితం గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, అదే కాగితంలో ఒక మూలన ధర కూడా ఉండి, అది మాత్రం మరక మిగలకుండా ఊడిరావాలని ఎవరైనా అడిగితే ఏమవుతుందన్న దాని గురించి. నన్ను నిజంగానే అడిగారు. అడిగినాయన సంగతి తర్వాత చెప్తాను. ముందు ఈ రెండు కాగితాలూ ఎక్కడ పుట్టాయో చూద్దాం. రెండూ వేరువేరు వంశాలవి.

చిరునామా చీటీకి పెద్దన్న తపాలా బిళ్ళ. 1840లో ఇంగ్లండ్‌లో పెన్నీ బ్లాక్ వచ్చింది. వెనక బంక పూసిన చిన్న కాగితం. నాలుకతో తడిపి అంటిస్తే చాలు, రవాణా ఖర్చు ముందే చెల్లించినట్టు. మన దగ్గర నిజాం రాజ్యానికి సొంత తపాలా ఉండేది. 1871 నుంచి వచ్చిన హైదరాబాద్ స్టాంపుల మీద వెల నాలుగు లిపుల్లో ఉంటుంది: ఉర్దూ, ఇంగ్లీషు, దేవనాగరి, తెలుగు. రాజుగారి బొమ్మ లేదు. ఆ బక్క డిజైన్‌కి స్టాంపులు సేకరించేవాళ్ళు ‘అస్థిపంజరం’ అని పేరు పెట్టారు. ఆ రోజుల్లో తెలుగులో ఏం అచ్చయిందో వెతికేవాళ్ళు పుస్తకాలు, పత్రికలు చూస్తారు కానీ, వేలెడంత లేని ఈ కాగితం మీద తెలుగు అణాల లెక్క రాజ్యమంతా తిరిగిందన్న సంగతి అంతగా పట్టించుకోరు. 1950లో ఈ తపాలా భారత తపాలాలో కలిసిపోయింది.

గమనిస్తే స్టాంపు మీద ఉన్నది ధరే. కాకపోతే వస్తువు ధర కాదు, ప్రయాణం ధర. దానికి ఊడిపోయే హక్కు లేదు. ఊడదీసి మళ్ళీ వాడితే నేరం. ఊడదీసినా పనికిరాకుండా చేయడానికే తపాలా వాళ్ళు దాని మీద ముద్ర కొడతారు. అంటే ఈ వంశంలో జిగురు ఎంత గట్టిదైతే అంత మంచిది.

సరుకు ధర కూడా చిరునామా పక్కకి వచ్చి చేరింది 1877లో. ఆ ఏడు మన దేశంలో వి.పి.పి. మొదలైంది. పార్సెల్ ఇంటికి తెచ్చిన పోస్ట్‌మాన్ దాని మీద రాసి ఉన్న సొమ్ము వసూలు చేసుకుని సరుకిస్తాడు. పాత తెలుగు పత్రికలు తిరగేసినవాళ్ళకి ఈ మూడక్షరాలు బాగా తెలుసు. నవలలు, పంచాంగాలు, జుట్టునూనెలు, గడియారాలు అన్నీ వి.పి.పి.లోనే కదిలాయి. పుస్తకాల షాపు లేని ఊరికి సాహిత్యం వెళ్ళిన దారుల్లో ఇదొకటి. ఇప్పుడు మనం క్యాష్ ఆన్ డెలివరీ అంటున్నది అదే, పేరు మారింది అంతే. ఆ పద్ధతిలో ధర ఊడదు. పైగా చిరునామా కంటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఎందుకంటే డెలివరీ కుర్రాడికి అన్నిటికంటే ముందు కావలసింది అదే.

నగరంలో అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దిగి పార్సెల్ తీసుకునేవాళ్ళకి ఇది పెద్ద విషయం కాదు. చిన్న ఊళ్ళో అలా ఉండదు. ఇంట్లో ఎవరూ లేకపోతే పార్సెల్ కిరాణా కొట్టులో పెడతారు, లేదా పక్కింట్లో. పేరు, ఫోన్ నంబరు, ఎంత పెట్టి కొన్నారు అన్నవి మూడూ ఒకే కాగితం మీద, గట్టి జిగురుతో. ఒక ఆడపిల్ల తన డబ్బుతో రెండువేల చెప్పులు తెప్పించుకుందన్న కబురు చెప్పుల కంటే ముందే ఇంటికి చేరుతుంది. లేబుల్ డిజైన్ చేసేవాళ్ళు స్కానర్‌కి బార్‌కోడ్ కనిపిస్తుందా లేదా అని చూస్తారు. వీధికి ఏం కనిపిస్తోందో చూడాలని మాలాంటి వాళ్ళకి ఎవరూ చెప్పరు, మాకై మాకు తట్టదు.

ఇక ధర చీటీ వంశం. మన బజార్లలో ధర అనేది రాసి ఉంచే వస్తువు కాదు చాలాకాలం. అది నోటి మాట. ఇంకా చెప్పాలంటే నోటితో కూడా చెప్పని చోట్లున్నాయి. పశువుల సంతల్లో తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్ళతో బేరమాడటం పెద్దవాళ్ళు చూసే ఉంటారు. పక్కన నిలబడ్డవాడికి తెలియకూడదు. సరుకు సొంతదారైన రైతుకి తెలియకపోయినా ఫర్వాలేదు, దలారీలకు తెలిస్తే చాలు. 1930లో హైదరాబాద్ రాజ్యం వ్యవసాయ మార్కెట్ల చట్టం చేసింది. ఫసలీ లెక్కలో 1339. తూకం, కమీషన్, బేరం అందరి కళ్ళముందు ఉండాలన్నది ఇలాంటి చట్టాల మూల ఉద్దేశం. ఆ తర్వాతివన్నీ, 2016 ఏప్రిల్‌లో మొదలైన ఈ-నామ్ దాకా, ఆ తువ్వాలు తీసేసే ప్రయత్నాలే. ఈ-నామ్ తొలి 21 మార్కెట్లలో నిజామాబాద్ ఉంది.

పైగా నిజాం రాజ్యంలో ధర చెప్పాలన్నా ఏ రూపాయిల్లో అన్న తిరకాసు ఉండేది. రాజ్యపు హాలీ సిక్కా వేరు, బ్రిటిష్ ఇండియా కల్దార్ వేరు. 6 కల్దార్ రూపాయలకు 7 హాలీ. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వెళ్ళే రైలు మార్గం 1900 ప్రాంతంలో వచ్చింది, కామారెడ్డి దాని మీద స్టేషన్. బొంబాయి వైపు నుంచి రైల్లో దిగే సరుకు బిల్లు కల్దార్‌లో, కొనేవాడి చేతిలో ఉన్నది హాలీ. రైలు లేని ఎల్లారెడ్డికి అక్కడి నుంచి ఇంకో 40 కిలోమీటర్ల దాకా బండి ప్రయాణం. ఆ బండి కిరాయి కూడా కలిపి, రూపాయి మార్చి, షావుకారు మనసులో వేసుకున్న లెక్కే ధర. దాన్ని కాగితం మీద పెట్టమంటే ఏం పెడతాడు?

అలాగని సరుకు మీద కాగితాలే లేవని కాదు. మాంచెస్టర్ నుంచీ గ్లాస్గో నుంచీ మన దేశానికి దిగిన మిల్లు బట్ట తానుల మీద రంగురంగుల ‘టికెట్లు’ అంటించి వచ్చేవి. లక్ష్మి, కృష్ణుడు, ఏనుగులు, రాజులు. చదువురాని కొనుగోలుదారు బొమ్మని బట్టి కంపెనీని గుర్తుపడతాడని వాళ్ళ ఆలోచన. సముద్రం దాటించిన ఎగుమతిదారు గుర్తూ అదే, దుకాణంలో కొనేవాణ్ణి పిలిచే బొమ్మా అదే. రవాణా చీటీ, దుకాణం చీటీ కలిసిపోయిన తొలి కాగితాల్లో వీటిని లెక్కపెట్టొచ్చు. వాటి మీద లేనిది ధర ఒక్కటే. బట్ట పొడుగు మాత్రం తాను మీద గజాల్లో ముద్ర వేసి తీరాలని 1889 మర్చండైజ్ మార్క్స్ చట్టం చెప్పింది. కొలత దొంగతనం సర్కారుకి కనిపించింది. ధర దొంగతనం ఇంకో వందేళ్ళకు గానీ కనిపించలేదు.

ధర రాసినా చదవనివ్వకుండా రాయడం బట్టల షావుకార్ల ఇంకో విద్య. పదక్షరాల మాట ఒకటి పెట్టుకుంటారు, ఏ అక్షరమూ రెండోసారి రాకుండా. ఒక్కో అక్షరం ఒక్కో అంకె. కొన్న ధర ఆ అక్షరాల్లో చీటీ మీద ఉంటుంది. గుమాస్తా దాన్ని చూసి ఎంతవరకు తగ్గొచ్చో తెలుసుకుంటాడు, మనం దాన్ని చూసి స్టాక్ నంబరనుకుంటాం. కటపయాది తెలిసినవాళ్ళకి ఇదేం కొత్త కాదు. ‘ధీర శంకరాభరణం’లో ధీ అంటే 9, ర అంటే 2, తిరగేస్తే 29వ మేళకర్త. సంగీతంలో అది గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చింది, బట్టల కొట్టులో దాచిపెట్టడానికి.

అందరికీ ఒకే ధర, అది సరుకు మీదే రాసి ఉండాలి అన్న పట్టుదల పడమట క్వేకర్ వ్యాపారులది. ఒకడికో ధర ఇంకొకడికో ధర చెప్పడం అబద్ధమాడటమే అన్నది వాళ్ళ మతవిశ్వాసం. దాన్ని పందొమ్మిదో శతాబ్దపు పెద్ద దుకాణాలు వ్యాపార సూత్రం చేసుకున్నాయి, ఎందుకంటే బేరమాడే నేర్పు లేని గుమాస్తాని కూడా తక్కువ జీతానికి కౌంటర్లో నిలబెట్టొచ్చు. చీటీ వచ్చింది, కానీ అంటించడమెలా? సూదితో గుచ్చితే బట్టకి చిల్లు. దారంతో కడితే గాజు వస్తువుకి నిలవదు. బంకతో అంటిస్తే మరక.

ఆ మరక మీద 1935లో లాస్ ఏంజెలెస్‌లో స్టాన్ ఏవరీ అనే కుర్రాడు కంపెనీ పెట్టాడు. కాలేజీ రోజుల్లో అద్దెకు తీసుకున్న కోళ్ళ గూటిలో కాపురమున్నవాడు. పెళ్ళాడబోయే అమ్మాయి డొరొతీ డర్ఫీ దగ్గర వంద డాలర్లు అప్పు తీసుకున్నాడు. ఆమె స్కూల్ టీచరు. బట్టలుతికే యంత్రం మోటారు, కుట్టుమిషను ముక్కలు, ఒక రంపం కలిపి యంత్రం చేసుకున్నాడు. దాని నుంచి వచ్చిందే తడపకుండా అంటుకునే, ముందే కోసి వెనక కాగితం మీద వరుసగా నిలబెట్టిన లేబుల్. ఇవాళ ప్రపంచంలో ఉన్న ప్రతి స్టిక్కర్‌కీ తాత అది. మొదటి గిరాకీ బహుమతి వస్తువుల దుకాణాలది. కంపెనీకి పెట్టిన పేరు ‘కమ్ క్లీన్’, శుభ్రంగా ఊడొచ్చేది అని.

అంటే తడపక్కర్లేని స్టిక్కర్ పుట్టిందే ఊడిపోవడానికి. ఊడిపోకూడదని కాదు. బహుమతిగా ఇచ్చే వస్తువు మీద ధర ఉండకూడదు కాబట్టి పుట్టింది. అంటుకునే గుణాన్ని తర్వాత పెంచుకుంటూ పోయారు, పార్సెళ్ళకీ డబ్బాలకీ.

ఇప్పుడు నన్ను అడిగినాయన. ఎల్లారెడ్డిలో చీరలమ్మే మా చిన్నాయన. కొవిడ్ తర్వాత వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి హైదరాబాద్, బెంగళూరు బంధువులకూ వాళ్ళ స్నేహితులకూ పంపడం మొదలుపెట్టాడు. కొన్ని కొరియర్లో, కొన్ని ఆర్టీసీ కార్గోలో. ఆయన అడిగిందిది: “అడ్రస్ అసలు ఊడద్దురా. ధర మాత్రం గోరుతోని గీకకుండనే ఊడిరావాలె. రెండూ ఒక్క కాగితం మీదనే కావాలె, రెండు ప్రింటర్లు నేను కొనలేను.”

ధర ఎందుకు ఊడాలో మన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. బట్టలు పెట్టడం అనేది మాటల్లేని సంభాషణ. ఒడిబియ్యానికి, గృహప్రవేశానికి, పెళ్ళికి ఎవరికెంత చీర పెట్టాలన్న లెక్క ఇంటి ఆడవాళ్ళకు కంఠతా వస్తుంది. పెట్టే ముందు రాత్రి కూర్చుని స్టిక్కర్లు గీకుతారు, జిగురు మరకకి కొబ్బరినూనె రాస్తారు, నూనె మరక చీరకి అంటుకుంటే ఇంకో గొడవ. మొత్తం ఊడకుండా చివరి రెండు సున్నాలు మిగిలిపోవడం కూడా చూశాను. అలాగే తీయని చీటీలుంటాయి. “అయ్యో, చూసుకోలేదు” అనేవాళ్ళలో నిజంగా చూసుకోనివాళ్ళు సగమే ఉంటారని నా అనుమానం. ఆడపడుచుకి ఎంత పెట్టారో ఆమె అత్తగారికి తెలియాలంటే అంతకంటే మర్యాదైన దారి లేదు.

సాంకేతికంగా ఆయన అడిగింది కష్టమైనదేం కాదు, కొంచెం తిరకాసైనది. స్టిక్కర్ అంటే మూడు పొరలు: పైన అచ్చయ్యే కాగితం, మధ్యలో జిగురు, కింద సిలికాన్ పూసిన నున్నటి కాగితం. ఒకే షీట్‌లో ఒక భాగానికి శాశ్వత జిగురు, ఇంకో భాగానికి ఊడొచ్చే జిగురు పట్టీలుగా పూయించొచ్చు. లేదా ‘పిగ్గీబ్యాక్’ అనే పద్ధతి ఉంది, పిల్లాణ్ణి వీపునెత్తుకున్నట్టు ఒక స్టిక్కర్ మీద ఇంకో స్టిక్కర్. కిందది అట్టపెట్టెకి అంటుకుపోతుంది, పైది తీసి ఇంకోచోట అంటించుకోవచ్చు. మేం మొదటి రకం తీసుకున్నాం. 4 బై 6 అంగుళాల కాగితం. పైన నాలుగున్నర అంగుళాలు చిరునామా, పిన్, బార్‌కోడ్. కింద అంగుళంన్నర పట్టీలో రెండు చిన్న ధర చీటీలు. పెద్దది కవర్ మీద, చిన్నవి లోపల చీరల మీద.

రెండిట్నీ ఒకే కాగితం మీద పెట్టడంలో అసలు లాభం ప్రింటర్ ఖర్చు కాదని చేశాక తెలిసింది. రెండిటి మీదా ఒకే ఆర్డర్ నంబరు ఒకే క్షణంలో అచ్చవుతుంది. మంగళవారం ఇరవై పార్సెళ్ళు కట్టేటప్పుడు ఈ చీర ఈ కవర్లోకే అని ఆ అంకె చెప్తుంది. ధరకీ చిరునామాకీ మధ్య సంబంధం ఉండేది కొట్టు లోపలి వరకే. గడప దాటాక అవి విడిపోవాలి. ఒకటి ప్రపంచం కోసం, ఇంకోటి కొన్న మనిషి కోసం. వి.పి.పి. కాగితం మీద లేనిది ఈ విడిపోయే ఏర్పాటే.

ఎండాకాలం వేరే సమస్య. ఊడొచ్చే జిగురు వేడికీ కాలానికీ ముదిరి, కొన్ని నెలలకు ఊడని జిగురులాగే ప్రవర్తిస్తుంది. నిజామాబాద్ వైపు మే నెలలో 45 డిగ్రీలంటే మామూలు మాటే, రేకుల గోదాము లోపల ఇంకెంతో. ఇక అచ్చు సంగతి. ఈ ప్రింటర్లలో ఇంకు ఉండదు, కాగితంలోనే రంగులేని రసాయనం ఉండి వేడి తగిలిన చోట నల్లబడుతుంది. ఎండలో పెడితే నెమ్మదిగా వెలిసిపోతుంది. నూనె తగిలినా, చీరలకు తొడిగే కొన్ని మెత్తటి ప్లాస్టిక్ కవర్లకు ఆనుకున్నా అక్షరాలు మాయమవుతాయి. గీకి కొబ్బరినూనె రాసే అమ్మలకు ఇది వరమే అనుకోండి. అన్నట్టు చిన్నాయన పదక్షరాల మాట కూడా ఆ చిన్న చీటీ మీద ఒక మూలన చేరింది. ఆ మాటేమిటో రాయను, అది ఇంకా వాడుకలో ఉంది.

చీరకి పనికొచ్చిన ఈ ఏర్పాటు బిస్కెట్ ప్యాకెట్‌కో బెల్లం పొడి ప్యాకెట్‌కో పనికిరాదు. అక్కడ అడ్డొచ్చేది చట్టం. 1976 తూనికలు కొలతల చట్టం కింద 1977లో ప్యాకేజ్డ్ సరుకుల నియమాలు వచ్చాయి. మొదట్లో ధర పక్కన ‘స్థానిక పన్నులు అదనం’ అని రాసి, ఆ అదనం ఎంతన్నది దుకాణదారు నోటికి వదిలేయొచ్చు. 1990లో ఆ సందు మూసి, అన్ని పన్నులూ కలిపి గరిష్ఠ ధర అచ్చువేయాలన్నారు. మనందరికీ తెలిసిన ఎం.ఆర్.పి. అలా స్థిరపడింది. 2009 లీగల్ మెట్రాలజీ చట్టం, 2011 నియమాలు వచ్చాక కూడా అదే సాగింది. వాటిలో నాకు ఇష్టమైన నిబంధన స్టిక్కర్ల మీద ఉన్నది. అచ్చయిన వివరాలు మార్చడానికి స్టిక్కర్ అంటించకూడదు. ఒకే ఒక మినహాయింపు: ధర తగ్గించడానికైతే అంటించుకోవచ్చు, కానీ పాత ధరని అది కప్పకూడదు.

సాఫ్ట్‌వేర్‌లో మేం దీన్ని చరిత్ర చెరపకుండా మార్పు చేయడం అంటాం. ప్రభుత్వం దాన్ని బిస్కెట్ ప్యాకెట్ మీద పెట్టింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు పాత సరుకు మీద కొత్త ధరల స్టిక్కర్లకు గడువిచ్చి అనుమతించారు, ఆ గడువు పొడిగించుకుంటూ పోయారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు తగ్గినప్పుడు మళ్ళీ అలాంటి వెసులుబాటే. కామారెడ్డి కిరాణా కొట్టులో షాంపూ సీసా మీద రెండు ధరలు పక్కపక్కన కనిపిస్తే అది ఈ చరిత్రే.

అమెరికాలో ఇది సరిగ్గా తిరగబడింది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రం ట్రాయ్ ఊళ్ళో ఒక సూపర్‌మార్కెట్లో చూయింగ్ గమ్ ప్యాకెట్ బార్‌కోడ్‌ని మొదటిసారి స్కాన్ చేశారు. ఇక ధర కంప్యూటర్లో ఉంటుంది, వస్తువు మీద అక్కర్లేదు అన్నారు దుకాణాలవాళ్ళు. కొనేవాళ్ళు ఒప్పుకోలేదు. ప్రతి వస్తువు మీదా ధర స్టిక్కర్ ఉండాల్సిందేనని మిచిగన్ 1976లో చట్టం చేసింది, 2011లో గానీ ఎత్తేయలేదు. అక్కడ దుకాణదారు స్టిక్కర్ కొనేవాడికి రక్షణ. ఇక్కడ అదే స్టిక్కర్ మీద అనుమానం, ఎందుకంటే మన అనుభవంలో కొట్టువాడు అంటించే కాగితం ధర పెంచడానికే. ఎవరి అనుమానాన్నీ తప్పనలేను. కాకపోతే మన పద్ధతిలో ధర రాసే హక్కు పూర్తిగా దూరంగా ఉన్న కంపెనీదైంది. ఊళ్ళో కొట్టువాడికి తగ్గించే హక్కు మాత్రం మిగిలింది.

సరుకు పండించేవాడికి అదీ లేదు. కామారెడ్డి అంటే బెల్లం మార్కెట్. మేడారం జాతరకు వెళ్ళేవాళ్ళ భాషలో బెల్లం బంగారమే, నిలువెత్తు తూచి అమ్మవార్లకు ఇస్తారు. చెరుకు రైతు వండి తెచ్చిన బెల్లం దిమ్మ మీద చిరునామా ఉండదు, ధర ఉండదు. ధర మార్కెట్లో పడుతుంది. నల్లబెల్లమైతే ఎక్కడికి పోతోందన్నదే నేరమో కాదో తేలుస్తుంది. అదే దిమ్మ పశువుల దాణాకో జాతరకో పోతే సరుకు. గుడుంబా బట్టీకి పోతోందని ఎక్సైజ్ వాళ్ళు అనుమానిస్తే లారీతో సహా స్వాధీనం. ఈ తగాదా హైకోర్టు దాకా వెళ్ళింది. మనం చిరునామాని సరుకుకి అంటించే కాగితం అనుకుంటాం. ఈ సరుకులో చిరునామాయే సరుకు రంగుని మార్చేస్తుంది, అంటించిన కాగితం ఒక్కటీ లేకుండా.

చివరగా బీడీ. కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల్లో మధ్యాహ్నం పూట ఏ వాకిట్లోకి వెళ్ళినా చాటలో తునికాకు, తంబాకు, దారం కనిపించిన రోజులున్నాయి, ఇప్పటికీ చాలాచోట్ల ఉన్నాయి. కూలి వెయ్యి బీడీల లెక్కన. కట్టకి సాధారణంగా పాతిక. లేబుల్ పని వేరు; కార్ఖానాలో ప్యాకర్లు అంటిస్తారు. బీడీ కట్ట లేబుల్ డిజైన్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది. యజమాని ఫొటో, ఆయన సంతకం, ఒక నంబరో జంతువో గుర్తు, నకిలీలను నమ్మొద్దన్న హెచ్చరిక. మాంచెస్టర్ టికెట్ల చెల్లెలనిపిస్తుంది. 2016 ఏప్రిల్ నుంచి పొగాకు ప్యాకెట్ల మీద 85 శాతం జాగా ఆరోగ్య హెచ్చరిక బొమ్మకి పోయింది, యజమాని మీసాలు మిగతా జాగాలో సర్దుకున్నాయి.

ఆ లేబుల్ మీద ధర ఉంటుంది, కంపెనీ చిరునామా ఉంటుంది. చట్ట ప్రకారం ఉండాలి కూడా. చుట్టినామె పేరు ఉండే వీలే లేదు, పాతిక బీడీల కట్టలో అది ఎవరూ ఆశించరు. అయితే ఈ సరుకుకీ ఆమెకీ ఉన్న సంబంధం కాగితం మీద నిరూపించాల్సిన రోజు ఒకటి వచ్చింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టినప్పుడు పీఎఫ్ ఖాతా ఉండాలన్న షరతు పెట్టింది. ముప్పై ఏళ్ళు చుట్టి కంపెనీ పుస్తకంలో పేరు ఎక్కనివాళ్ళు, ఇంకొకరి కార్డు మీద ఆకు తెచ్చుకుని చుట్టినవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు. వాళ్ళ దగ్గర చూపించడానికి ఉన్నది చూపుడువేలి మీద దారం కోసిన గీతలు, బొటనవేలి గోరు కింద తంబాకు నలుపు.